బిందెల వరుస

నాయకత్వ లక్షణాలు పదిహేను అని చెప్పే కాగితం మా ఇంటికి వచ్చిన వారంలోనే మా బోరుబావి గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఈ రెండింటికీ సంబంధం లేదని నేను చాలా రోజులు నమ్మాను.

కాగితం నా మనుమరాలు చైత్రది. పద్దెనిమిదేళ్ల పిల్ల. సైనిక అకాడమీ రాత పరీక్ష నెగ్గి, ఏప్రిల్ చివర ఉత్తరాదిలో జరిగే ఐదు రోజుల ఎంపికకు పిలుపు అందుకుంది. ఆ ఐదు రోజుల్లో అధికారులు అభ్యర్థుల చేత రాయించి, పరుగెత్తించి, గుంపులో నిలబెట్టి, ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, పదిమందిని నడిపించే మనిషి అవునో కాదో తేలుస్తారు. దానికి సిద్ధం చేయడానికి మా అబ్బాయి హేమంత్‌కుమార్ తన కూతురిని సర్జాపుర రోడ్డులో ఒక శిక్షణ కేంద్రంలో చేర్చాడు. అక్కడి గురువును అందరూ చేతన్ సార్ అంటారు. చొరవ, బాధ్యత, సహకారం, ధైర్యం అంటూ ఆ పదిహేను లక్షణాలను నకలు తీయించి పంచినవాడు ఆయనే. ఒక్కొక్క లక్షణానికి ఎదురుగా దాన్ని ప్రదర్శించడానికి పనికివచ్చే వాక్యం ఒకటి అచ్చు వేసి ఉంది. ప్రదర్శన అన్న మాట కూడా ఆయనదే. నేను ముప్పైనాలుగేళ్లు కళాశాల గ్రంథాలయంలో పనిచేసినదాన్ని. అచ్చయిన మాటలలో అర్థం లేనివాటిని కావలసినన్ని చూశాను. కానీ ధైర్యాన్ని బట్టీ పట్టమని పిల్లల చేతికిచ్చిన కాగితాన్ని చూడడం అదే మొదటిసారి.

మా ఇల్లు కన్నడనాట, నగరం అంచున ఉన్న వర్తూరులో. ఇంటి వెనుక వఠారం, అందులో ఏడు వాటాలు. ఏడు వాటాలకూ మాకూ కలిపి ఒకటే బోరు, పెరటిలో ఒకటే కొళాయి. ఆ మార్చిలో నీరు తెల్లవారుజామున ఐదింటి నుంచి ఆరూ ఇరవై దాకా మాత్రమే వచ్చేది. తరువాత మోటారు ఉత్తినే గుర్రుమనేది. వఠారంలో పాత ఆచారం ఒకటుంది. ముందురోజు సాయంత్రమే బిందెలు తెచ్చి కొళాయి నుంచి గేటు దాకా వరుసగా పెడతారు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే లెక్క. నీళ్లు సమృద్ధిగా ఉన్న రోజుల్లో అది మర్యాద. కరువులో అదే గలాటాగా మారింది. ఆటో నడిపే సొన్నప్ప పెయింటు డబ్బాలతో సహా పదకొండు పాత్రలు వరుసలో పెట్టాడు. మూడో వాటా వెంకటలక్ష్మి వాటిలో నాలుగింటిని కాలితో తోసింది. ఇద్దరూ గొంతులు చించుకున్నారు.

"ఇంటికి పది నిముషాలు, అవ్వా" అంది చైత్ర ఆ సాయంత్రం. "ఎనిమిది ఇండ్లు, ఎనభై నిముషాలు. వంతుల పట్టీ రాసి మోటారు గోడకు అంటిస్తాం. ఎవురెవురు ఎన్ని గంటలకి ఇల్లు విడుస్తారో రేపు నేను పోయి అడిగొస్తా. నువ్వు రాయి. నీ అక్షరాలైతే అందరికీ అర్థమవుతాయి."

"అడగనక్కరలేదు" అన్నాను. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఎవరెప్పుడు పోతారో నాకు తెలుసు."

"అడిగితే మేలు కదవ్వా?"

"కాలయాపన."

అప్పటికప్పుడే, వఠారంలో అందరూ చదవగలిగే కన్నడంలో, గీతలు గీసి రాశాను. ఐదింటికి మా ఇల్లు. ఇంటి యజమానులది మొదటి వంతు అన్నది నాకు ఆలోచించవలసిన విషయంగా తోచలేదు. చివర, ఆరూ పదికి, ఏడో వాటా మునిలక్ష్మి. ఆమె అపార్ట్‌మెంట్లలో ఇళ్లు తుడవడానికి ఏడింటికి వెళుతుంది కనుక ఆమెకు తొందర లేదు. అడుగున ఒక నియమం కూడా చేర్చాను: వంతు వేళకు మనిషి లేకపోతే ఆ వంతు తప్పిపోయినట్టే. చైత్ర దాన్ని చదివి, కొంచెంసేపు పెన్సిలు నమిలి, గోడకు అంటించింది.

మరునాటి నుంచి పెరట్లో అరుపులు లేవు. హేమంత్ మురిసిపోయి శిక్షణ కేంద్రానికి ఫోను చేశాడు. చేతన్ సార్ దానికి చొరవ, ప్రణాళిక, సామాజిక సామరస్యం అని మూడు పేర్లు పెట్టాడట.

చైత్ర రోజూ ఐదుంబావుకు పరుగుకు వెళ్లేది, చెరువు వైపు. నాలుగోనాడు చెరువు వాసన భరించలేక సర్జాపుర దారి పట్టింది. తిరిగి వచ్చాక బూట్లు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది.

"అవ్వా, మునిలక్ష్మక్క పనికి పోయేది ఎన్ని గంటలకి?"

"ఏడింటికి."

"కాదు. ఐదూముక్కాలు బస్సుకి. ఉగాది ముందే వేరే అపార్ట్‌మెంట్‌కి మారిందంట. బస్‌స్టాప్‌లో నిలబడి ఉండాది. చేతిలో రెండు ఖాళీ నూనె క్యాన్లు. ఎందుకక్కా అంటే నవ్వి, ఊరికే అనింది."

ఊరికే కాదని కూడా చైత్రే, అక్కడే మళ్లీ మళ్లీ అడిగి కనుక్కుంది. మునిలక్ష్మి భర్త ఏదో ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాసి ఎనిమిదికి గాని రాడు. అత్త ఓబులమ్మకు తుంటి విరిగి అతికింది. చెంబు తప్ప ఎత్తలేదు. ఆరూ పదికి ఆ ఇంటి వంతున పెరట్లోకి రాగలిగిన మనిషే లేదు. నా నియమం ప్రకారం వంతు తప్పిపోయింది. మూడు రోజులుగా మునిలక్ష్మి పనిచేసే ఇళ్లలో నీళ్లు అడిగి, రెండు క్యాన్లలో పట్టుకుని, బస్సులో నిలబడి తెస్తోంది. ముందురోజు ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, లోపలి నీళ్లు బయటికి పోకూడదని, ఒక క్యానును ఆమె చేతనే రోడ్డుపక్క పారబోయించారట. మిగిలిన దానితో ముగ్గురూ ఒక రోజు గడిపారు.

"మరి నాతో ఒక మాట చెప్పకూడదూ?" అన్నాను.

"అదే అడిగినా. ఓనరమ్మ వాళ్ల కాగితం, ఎట్ల అడిగేది అనింది."

నేను కళ్లజోడు తుడుచుకుని, కొత్త కాగితం తీసి, "ఇప్పుడే మార్చి రాస్తాను. చప్పుడు చేయకుండా పాతదాని చోట అంటించు" అన్నాను.

"వద్దవ్వా. చప్పుడు చేయకుండా మారిస్తే, అక్కే ఏదో అడిగి మార్పించుకునింది అనుకుంటారు."

ఆ మాట నాకు తట్టలేదు. తట్టవలసినది నాకే.

సాయంత్రం ఆరింటికి, బిందెలు వరుసలో చేరుతున్న వేళ, చైత్ర గోడ మీది పట్టీని ఊడదీసి చేత పట్టుకుని కొళాయి పక్కన నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఒక్క నిముషం వినండప్పా. ఈ పట్టీ వల్ల మునిలక్ష్మక్క ఇంటికి మూడు దినాలు చుక్క నీళ్లు పోలేదు. ఎవురూ ఎత్తుకుపోలేదు. అందరూ పట్టీ చూసే పట్టుకున్నారు. తప్పు నాది. అడక్కుండా టైం వేసినా."

"ఏం పాపా, మిలిటరీలో చేరకముందే సరెండరా?" అన్నాడు సొన్నప్ప. నలుగురు నవ్వారు.

చైత్ర కూడా నవ్వింది. "ఏం చేసేదన్నా? నీ పదకొండు బిందెలు చూస్తే ఎవురైనా సరెండరే."

నేను పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆరూ పది అన్న అంకె నా చేతిది. అడగనక్కరలేదన్న మాట నాది. ఆమె నిలబడిన చోటికీ నాకూ మధ్య పది అడుగులు. లేచి ఆ రెండు వాక్యాలు పలకడానికి నాలో ఏ శక్తీ లోపించలేదు. నేను పలకలేదు. చైత్ర ఆ కొద్దిసేపటిలో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఆమె చూపు ఎటు పోతే అందరి చూపులూ అటే పోతాయని ఆమెకు తెలుసు.

పట్టీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మునిలక్ష్మి వైపు తిరిగింది.

"అక్కా, ఇప్పుడెట్ల చేస్తాం? నువ్వు చెప్పు."

"నేనేం చెప్పేది చైత్రా? నాకేం తెలుస్తాది?"

"పొద్దున్నే మొదట లేచేది నువ్వే. ఎవురి తలుపు ఎప్పుడు తీస్తారో నీకే తెలుసు."

మునిలక్ష్మి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. వరుస ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తరువాత వంగి, తన బిందెను ఎత్తి, మొదటికి తెచ్చి పెట్టింది.

"ముందు ఇల్లు విడిచేవాళ్లు ముందు పట్టుకోవాల. మొదట నేను, ఆమేల గార్మెంట్స్‌కి పోయే కిరణ్ వాళ్లమ్మ, ఆమేల సొన్నప్పన్న. ఇంట్లో ఉండేవాళ్లకి ఏం తొందర? కడాన పట్టుకోనీ. ఇంగొకటి. ఇంటికి పది నిముషాలు అంటే ఎట్ల? మేం ముగ్గురం. వెంకటలక్ష్మక్క ఇంట్లో ఎనిమిది మంది. మనిషికి రెండు బిందెలు, చాలు."

"నా పదకొండు?" అన్నాడు సొన్నప్ప.

"మీ ఇంట్లో నలుగురు, ఎనిమిది. మిగిలిన మూడు డబ్బాలకి పెయింట్ కొట్టుకో. నేను లేని దినం మా అత్తకి రెండు బిందెలు ఎత్తిపెట్టేది కూడా నువ్వే."

"నేనెందుకమ్మా?"

"పదకొండు మోసే మనిషికి రెండు బరువా అన్నా?"

ఈసారి అందరూ నవ్వారు, సొన్నప్పతో సహా. గోడకు ఏ కాగితమూ అంటించలేదు. మరునాడు ఐదింటికి చైత్ర పరుగు ఆలస్యం చేసుకుని, కొళాయి దగ్గర రబ్బరు పైపు పట్టుకుని నిలబడింది. మునిలక్ష్మి ఏ బిందె చూపితే ఆ బిందెలో పైపు వేసింది. మా ఇంటి బిందెలు వరుస చివరకు చేరాయి. వాటిని ఎవరు మార్చారో ఎవరూ అడగలేదు. ఆ తరువాత ఆ నెల రోజుల్లో నీళ్లు తగ్గాయి, అరుపులు పెరగలేదు.

ఏప్రిల్ మధ్యలో హేమంత్ చేతన్ సార్‌ను ఇంటికి పిలిచాడు. ఒకసారి ఇంటర్వ్యూలా అడిగి చూడమని కోరాడు. కోడలు నేత్రావతి కాఫీ ఇచ్చింది. ఆయన కాలు మీద కాలు వేసుకుని, "నీ జీవితంలో ఒక వైఫల్యం చెప్పు" అన్నాడు.

చైత్ర నీళ్ల సంగతి చెప్పింది. జరిగింది జరిగినట్టుగా, నా పేరు తప్ప.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా, ఆగు. బంగారం లాంటి ఇన్సిడెంట్‌ను మట్టిపాలు చేస్తున్నావు. ఎనిమిది ఇళ్లు, నీటి సంక్షోభం, ఒక లీడర్. అది నువ్వు. ఫెయిల్యూర్ అడిగితే, ఫెయిల్యూర్‌లా వినిపించే సక్సెస్ చెప్పాలి. మొదట చిన్న ఇబ్బంది వచ్చింది, నేనే గుర్తించి నేనే సరిచేశాను, అంతే. ఆ మునిలక్ష్మి ఎందుకు మధ్యలో?"

"సరిచేసింది ఆ అక్క సార్."

"ఆమె అక్కడికి వచ్చి చెప్పదు కదా!"

హేమంత్ నవ్వబోయాడు. నేను చదువుతున్న పుస్తకం మూశాను.

"అయ్యా" అన్నాను, "మీరు ఈ పిల్లను పంపేది దుకాణంలో సరుకు అమ్మడానికి కాదు. రేపు ఈమె మాట నమ్మి వెనుక కొందరు నడుస్తారు. తన తప్పును ఇంకొకరి మీదికో, ఇంకొకరి ఒప్పును తన మీదికో మళ్లించుకోవడం ఇప్పుడే నేర్పితే, ఆ నడిచేవాళ్లు ఏమవుతారో మీ కాగితంలో ఏ అంకె కింద ఉంది? నిజం తెలిసీ నోరు మూసుకుని కూర్చున్న మనిషి..."

అక్కడ నా వాక్యం ఆగిపోయింది. ఎదురుగా చైత్ర. ఆమె తల కొద్దిగా అడ్డంగా ఊపింది, వద్దు అన్నట్టుగా. ఆ తల ఊపు ఆయనను కాపాడడానికి కాదు.

"మీ మదర్ బాగా చదువుకున్నారు" అని హేమంత్‌తో అని, చేతన్ సార్ కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ చివరి వారంలో చైత్ర కె.ఆర్.పురంలో రైలెక్కింది. పది రోజులకు అదే స్టేషనులో దిగింది. హేమంత్ స్కూటరు మీద తీసుకువచ్చాడు. గేటు దగ్గర స్కూటరు ఆపిన తీరులోనే నాకు ఫలితం తెలిసింది.

"మా గుంపుల్లో అందరినీ కలిపి నలభైమందికి పైనే" అంది చైత్ర, సంచీ దించి. "ముగ్గుర్ని తీసుకున్నారు. నేను లేను."

నేత్రావతి ఆమె తల నిమిరి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్లింది. హేమంత్ మాత్రం కూర్చోలేకపోయాడు.

"ఎక్కడ పోయింది? అది చెప్పు. ఎక్కడ పోయింది?"

"ఒకటే చోట అని చెప్పలేం నాన్నా. నాకు తెలిసి గ్రూప్ టాస్క్‌లో. ఒక గుంత, రెండు పలకలు, ఒక తాడు, ఒక డ్రమ్ము. నేల తాకకుండా అందరం దాటాల. ఎనిమిది మందిమి. అందరూ ఒకేసారి అరుస్తా ఉన్నారు. మణిపూర్ అమ్మాయి ఒకతె మాత్రం ఏమీ అనకుండా పలక చివర చూస్తా ఉండింది. నేను అందర్నీ ఆపి ఆమెను అడిగినా. ఆమె చెప్పిందే సరైన దారి. అట్లే పోయినాం. సగం దాటేలోపల టైం అయిపోయిందని విజిల్ వేసినారు."

"చూశావా! ఆమెను అడుగుతా కూర్చోకుండా నీ పాటికి నువ్వు పోయుంటే?"

"తప్పు దారిలో పోయుంటాం నాన్నా."

"అడిగినా పోయింది కదా!"

"ముందే అడగాల్సింది. ఐదు నిముషాలు నేనూ అందరితో కలిసి అరిచినా. ఆమె కంటికి కనిపిస్తానే ఉండింది, నేను లేటుగా చూసినా. తప్పు నాది." సంచీలోంచి నీళ్ల సీసా తీసి తాగింది. "ఆ ముగ్గుర్లో ఆ అమ్మాయి ఉండాది. అది మాత్రం బాగుండాది."

ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నటన ఏమైనా ఉందేమో అని నేను వెతికాను. పుస్తకాలలో అలాంటి ముఖాలను నేను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. వెతికినది దొరకలేదు. మా ఇంట్లో మూడు తరాల మగవాళ్లను చూశాను. నా మామగారు, నా భర్త, నా కొడుకు. విరిగిన కొళాయి నుంచి పోయిన పొలం దాకా ప్రతి నష్టానికీ వాళ్లకు ఒక కారకుడు బయట దొరికేవాడు. తప్పు నాది అన్న రెండు ముక్కలను, ఏడవకుండా, గొప్పగా కాకుండా, సీసా మూత బిగిస్తూ అనగలిగిన మనిషిని నేను ఈ ఇంట్లో మొదటిసారి చూస్తున్నాను. ఆ మొదటి మనిషిని నేను కానందుకు నాకు కోపం వచ్చింది.

హేమంత్ బయటికి పోయాక అడిగాను. "ఇంటర్వ్యూలో వైఫల్యం గురించి అడిగారా?"

"అడిగినారు. నీళ్ల సంగతి చెప్పినా. నేను పట్టీ వేసినా, తప్పైంది, మునిలక్ష్మక్క సరిచేసింది అని."

"పట్టీ రాసింది ఎవరో?"

ఆమె నా వైపు చూసింది. పెరట్లో ఆ సాయంత్రం చూడని చూపు అది.

"అది ఆయన అడగలేదవ్వా."

"నువ్వు చెప్పి ఉండవచ్చు."

"గోడకు అంటించింది నేనే కదా. చదివి, డౌటు వచ్చి కూడా అంటించినా." ఆమె లేచి బూట్లు విప్పుకుంది. "నోటిఫికేషన్ మళ్లీ వస్తాది. వయసు ఇంగా ఉండాది. రేపు పొద్దున నన్ను లేపు అవ్వా, పైపు పట్టుకోవాల."

మరునాడు నేను ఆమెను లేపలేదు. రెండు పగళ్లు రైల్లో కూర్చుని వచ్చిన పిల్ల. ఐదింటికి నేనే పెరటి తలుపు తీసి దిగాను. ఆ వేసవి మొత్తంలో ఆ వేళప్పుడు నేను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. మోటారు అప్పుడే అందుకుంది. వరుస మొదట మునిలక్ష్మి తన బిందెల పక్కన గొంతుక్కూర్చుని ఉంది. సొన్నప్ప పైపు పట్టుకుని ఆవులిస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు.

"కూర్చోండి" అన్నాను. నేను రాత్రి వాక్యాన్ని సిద్ధం చేసుకున్నాను. తీరా పలికితే అది నేను కూర్చినట్టుగా రాలేదు. "మునిలక్ష్మీ, ఆ రోజు చైత్ర తప్పు తనదంది. కాదు. ఆ పట్టీ రాసింది నేను. నిన్ను అడుగుతానని ఆ పిల్ల అంటే, అక్కరలేదన్నది కూడా నేనే."

సొన్నప్ప ఆవులింత మధ్యలో ఆగింది. పైపు బిందె అంచు దాటి పక్కకు పోయింది. మునిలక్ష్మి చెయ్యి చాపి దాన్ని సరిగ్గా పెట్టింది.

"తెలుసులేమ్మా" అంది.

"చైత్ర చెప్పిందా?"

"ఆ పిల్ల చెప్తాదా? మా అత్త రేషన్ కార్డుకి అర్జీ రాసిచ్చింది మీరే కదా. ఆ గుండ్రటి అక్షరాలు నాకు తెలీవా? గోడ మీద చూసిన దినమే అనుకున్యా, ఇది అమ్మ చెయ్యి అని."

"మరి ఆ సాయంత్రం, అందరిలో, అనలేదేం?"

మునిలక్ష్మి నిండిన బిందెను పక్కకు జరిపి రెండోదాన్ని పైపు కిందికి తోసింది.

"ఏమనేదమ్మా? ఆ పిల్ల మీ ముందర అట్ల అడ్డంగా నిలబడి ఉంటే, నేను పక్కకు తొయ్యాలనా?"

నీటి చప్పుడు ఖాళీ బిందెలో గట్టిగా, నిండే కొద్దీ మెత్తగా వినిపించింది. ఐదూముక్కాలు బస్సుకు ఇంకా వేళ ఉంది. మునిలక్ష్మి రెండో బిందె ఎత్తుకుంటూ వరుస చివరకు చూసింది. అక్కడ మా ఇంటి బిందెలు లేవు. నిన్న చైత్ర వచ్చిన హడావిడిలో ఎవరూ తెచ్చి పెట్టలేదు.

"మీ బిందె యాడమ్మా?"

నేను లోపలికి వెళ్లి, నేను ఎత్తగలిగిన చిన్న ఇత్తడి బిందెను తెచ్చాను. వఠారంలో అందరికంటె ఆలస్యంగా ఇల్లు విడిచేదాన్ని, అసలు ఎక్కడికీ వెళ్లవలసిన పని లేనిదాన్ని నేనే. దాన్ని వరుస చివర, గేటు పక్కన పెట్టి, దాని వెనుక నిలబడ్డాను. నా ముందు ఏడు ఇళ్ల బిందెలు ఉన్నాయి.